నిజం బెల్లు

ఆఫీసంతా పండగ చేసుకుంటున్న వేళ ఒక్క మనిషి మాత్రం ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చుంటే ఎవరికి బాగుంటుంది? ఎవరికీ బాగోలేదు. ఆ మనిషికైతే అసలే బాగోలేదు. జీతాల కాగితాల్లో ఆమెకు వేరే పేరుంది. కానీ పుట్టి బుద్ధెరిగాక ఒక్కచోట కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు కనుక వాళ్ళక్క ఆమెను పిచ్చుక అంటుంది. ఆ అక్క కూడా అదే ఆఫీసులో పనిచేస్తుంది. ఒకరోజు నలుగురి ముందూ "ఒసే పిచ్చుకా!" అని కేకేసింది. అంతే, ఆ రోజు నుంచి లోకానికంతటికీ ఆమె పిచ్చుకే. పెద్ద డైరెక్టరు కూడా మీటింగుల్లో ఎంతో మర్యాదగా "పిచ్చుకగారూ" అంటాడు.

లిఫ్టుల్ని కనిపెట్టుకుని ఉండటం ఆ కంపెనీ పని. ఊళ్ళో సగం లిఫ్టుల్లో వాళ్ళు బిగించిన చిన్న పెట్టె ఉంటుంది. దానికి నోరు ఊరుకోదు. తలుపు మూశాను, తలుపు తీశాను, పైకి పోతున్నాను, ఆగాను అని క్షణక్షణం ఆఫీసుకు కబుర్లు పంపుతూనే ఉంటుంది. లోపల ఇరుక్కున్న వాళ్ళెవరైనా ఎర్ర మీట నొక్కితే అదీ ఒక కబురే. దాన్ని మాత్రం బెల్లు అంటారు. బెల్లు వస్తే కింది అంతస్తులోని బెల్లు గదిలో మోగుతుంది. అక్కడ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్న అమ్మాయిలు వెంటనే పలకాలి. ఆ గదికి పెద్ద, పిచ్చుక వాళ్ళక్క.

అక్క పలికే తీరు అక్కదే. "భయపడకండి. నేనిక్కడే ఉన్నాను. తలుపు తెరుచుకునేదాకా లైను వదలను" అంటుంది. ఆ మూడు ముక్కలూ కొత్తగా చేరిన ప్రతి అమ్మాయికీ దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పుతుంది. ఇరుక్కున్నవాడు ఏడిస్తే ఏడవనిస్తుంది, తిడితే తిట్టించుకుంటుంది, వంట కబుర్లు చెబితే వింటుంది. లైను తెగిపోతే మళ్ళీ నొక్కమంటుంది, పలికేదాకా నొక్కుతూనే ఉండమంటుంది. బావ ఫ్యాక్టరీ షిఫ్టు దిగి ఇంటికొచ్చి ఏదైనా చెప్పబోతే మాత్రం వినే ఓపిక ఉండదు. "నన్నూ లిఫ్టులో పెట్టి తాళం వెయ్యండి, అప్పుడైనా మీ అక్క నా మాట వింటుంది" అని బావ నవ్వుతుంటాడు.

ఇరుక్కున్నవాళ్ళు ఎందరు గనక! వచ్చే బెల్లుల్లో నూటికి తొంభై పిల్లల అల్లరే. బడి నుంచి వస్తూ నొక్కుతారు, ఆటకు పోతూ నొక్కుతారు. పలికితే కిలకిలా నవ్వి పారిపోతారు. ఒకడైతే రోజూ సాయంత్రం నొక్కి "ఆంటీ, మీరు తిన్నారా?" అని అడిగేవాడు. పలికీ పలికీ బెల్లు గదిలో ఒకమ్మాయి గొంతు రాసుకుపోయింది. బొంగురమ్మాయి అనే పేరు మిగిలింది. అక్క ముందు పెట్టిన టీ ఏనాడూ వేడిగా ఆమె గొంతులోకి దిగలేదు. మీగడ కట్టాకే తాగేది.

"దీనికేదైనా ఉపాయం చూసిపెట్టవే, నీకు పుణ్యముంటుంది" అంది అక్క ఒకరోజు మెట్ల మీద ఆపేసి. "మా అమ్మాయిల తలప్రాణం తోకకొస్తోంది."

"నిజం బెల్లేదో అల్లరి బెల్లేదో నాకెలా తెలుస్తుందక్కా?"

"దానికేం తెలివితేటలు కావాలే? లిఫ్టు ఆగిపోయి, తలుపు మూసుకుపోయి ఉంటే నిజం. నడుస్తున్న లిఫ్టులో నొక్కితే అల్లరి. తలుపు తెరిచి ఉండగా నొక్కితే ఇంకా అల్లరి. తెరిచుంటే నడిచి బయటికి పోవచ్చుగా, బెల్లెందుకు?"

కాదనడానికి ఏముంది? పిచ్చుక పైకెళ్ళి రాయడం మొదలుపెట్టింది.

ఆమె జావా అనే కంప్యూటరు భాషలో రాస్తుంది. అందులో వచ్చిన కబురు అందుకుని పని జరిపించే ముక్కను హ్యాండ్లర్ అంటారు. దాని నెత్తిన, ఎట్ గుర్తుతో మొదలుపెట్టి ఒక్క వరుస రాస్తే చాలు. దాన్ని యానొటేషన్ అంటారు. గది గుమ్మానికి చీటీ అంటించడం లాంటిదే. ఫలానా కబుర్లు మాత్రమే లోపలికి రావాలి అని చీటీలో ఉంటే, మిగతావి గుమ్మం దాకా వచ్చి అటునుంచి అటే పోతాయి. లోపలున్న హ్యాండ్లరుకు ఎవరొచ్చారో ఎవరు పోయారో తెలియనే తెలియదు. పిచ్చుక బెల్లు హ్యాండ్లరు నెత్తిన అంటించిన చీటీలో రెండే షరతులు. లిఫ్టు ఆగి ఉండాలి. తలుపు మూసి ఉండాలి. రెండూ కలిస్తేనే బెల్లు గదికి ప్రవేశం. ఆ వరుసను రాసి, కుర్చీ వెనక్కి వాల్చి చూసుకుంది. ముద్దొచ్చేలా ఉంది. పదిరకాల దొంగ బెల్లులు పంపి పరీక్షించింది. అన్నీ గుమ్మంలోనే ఆగిపోయాయి. అసలైనవన్నీ లోపలికి వెళ్ళాయి.

వాళ్ళ టీమ్ లీడరును అందరూ సర్లేగారు అంటారు. జీతం పెంచమన్నా, సెలవిమ్మన్నా, ఆఫీసుకు నిప్పంటుకుందన్నా ఆయన మొదటి మాట "సర్లే". ఈ వరుస చూసి కూడా అదే అన్నాడు. సోమవారం పొద్దున చీటీ అంటుకుంది.

ఆ పూటే బెల్లు గది నోరు మూతపడింది. గంటలు గంటలు గడిచినా గదిలో చీమ చిటుక్కుమనలేదు. ఎప్పుడో ఒక్క బెల్లు, అదీ నిజంగా ఇరుక్కున్న మనిషి. అమ్మాయిలు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. బొంగురమ్మాయి గొంతు తేరుకోసాగింది. అక్క టీ వేడిగా తాగి, నాలుక కాల్చుకుని, ఆ కాలిన నాలుకతోనే పిచ్చుకను ఆకాశానికెత్తేసింది. డైరెక్టరు కేకు తెప్పించాడు.

ఆ ఊపులో పిచ్చుక ఇంకో ఘనకార్యం కూడా చేసింది. అక్క ఫోనులో మెసేజ్‌లు పెట్టడం మొదలుపెడితే ఆపదు. కూరగాయల ధరలు, బావ మీద ఫిర్యాదులు, పువ్వుల బొమ్మలు. రాస్తున్న పని మధ్యలో చెవిలో జోరీగలా ఒకటే మోత. అందుకని పిచ్చుక తన ఫోనులోనూ ఒక నియమం పెట్టుకుంది. "అక్కా, నిజంగా పనుంటే మొదటి మాట అర్జంటు అని రాయి. అప్పుడే నా ఫోను మోగుతుంది. మిగతావి తీరిగ్గా చూసుకుంటా" అంది.

అక్క నవ్వేసింది. "నా నోటికీ చీటీ అంటించావుటే?"

అయితే ఇంత బాగా జరిగిన పనిని చూసుకుని పిచ్చుక మురిసిపోవాలి కదా. రెండు రోజులు మురిసింది కూడా. ఆ తర్వాత ఏదో అనుమానం పట్టుకుంది. పని మధ్యలో లేచి బెల్లు గదికి పోయేది, గుమ్మంలో నిలబడేది, తిరిగొచ్చేది. మళ్ళీ పోయేది. గది ప్రశాంతంగా ఉండేది. ఆ ప్రశాంతత చూస్తే ఆమెకు ఒళ్ళు మండేది. ఇదివరకు గోలలో ఏదైనా తప్పు జరిగితే గోలే చెప్పేది. ఇప్పుడు తప్పు జరిగితే ఎవరు చెప్పాలి? వచ్చిన బెల్లుల్ని లెక్కపెట్టుకోవచ్చు. రానిదాన్ని చూడటమెలా?

"సార్, మన చీటీ ఆపేసిన బెల్లులేవో ఒకసారి చూడాలి" అంది సర్లేగారితో.

"సర్లే. ఎక్కడ చూస్తావు? వాటిని రాసిపెట్టే ఏర్పాటేదీ నువ్వు పెట్టలేదుగా."

"పెట్టలేదు సార్."

"మరి? క్లాసుకు రానివాళ్ళు ఏ పాఠం విన్నారంటే ఏం చెబుతాం? అన్నీ పిల్లల అల్లరేనమ్మా. కేకు తిన్నావా లేదా?"

తిన్నది. అరగలేదు.

శుక్రవారం పొద్దున అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆఫీసు గుమ్మంలో కలిశారు. అక్క వస్తూనే తన బిల్డింగు లిఫ్టును తిట్టిపోసింది. ఈ కంపెనీ పెట్టె బిగించిన మొట్టమొదటి బిల్డింగుల్లో అదొకటి. "మా మహాతల్లి మళ్ళీ అలిగిందే. దారి మధ్యలో ఆగి, నాలుగు వేళ్ళంత సందు తెరిచి, నాకు గోడ చూపించింది. గోడకున్న సున్నం పెచ్చులు కూడా లెక్కపెట్టాను. నొక్కుదామనుకునేలోగా దానంతటదే కదిలిందనుకో." పిచ్చుక చెయ్యి ఫోను మీద ఉంది, మనసు ఆ రాని బెల్లుల మీద ఉంది. "ఊఁ" అంది. అక్క చెప్పిన మాట ఆ చెవిన పడి ఈ చెవిన పోయింది. ఏం వెతుకుతోందో అదే వచ్చి ఎదురుగా నిలబడి చెప్పినా పెడచెవిన పెట్టింది చూశారా, అదీ ఆమె తెలివి.

సాయంత్రం అక్క పెందరాళే బయల్దేరింది. ఉద్యోగంలో చేరాక ఎప్పుడూ చెయ్యని పని. "గది ఖాళీగానే ఉంది కదే. ఇంటికెళ్ళి నిద్రపోతా. నువ్వూ భోజనానికి రా" అని చెయ్యి ఊపి వెళ్ళిపోయింది. పిచ్చుక ఇంకాసేపు కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరిగి, టీ అయినా తాగుదామని వంటగదిలాంటి మూలకు వెళ్ళింది.

అక్కడ కప్పులు పెట్టుకునే అలమరకు జరిపే తలుపు. ఎన్నాళ్ళ కిందటో ఇరుక్కుపోయింది. పూర్తిగా మూతపడదు, పూర్తిగా తెరుచుకోదు. చెయ్యి పట్టేంత సందు. అందరూ ఆ సందులో చెయ్యి దూర్చి కప్పు తీసుకుంటారు. పిచ్చుక కూడా దూర్చింది. కప్పు దొరికింది. కప్పుతో సహా చెయ్యి బయటికి రాలేదు. కప్పు వదిలితే వస్తుంది, పట్టుకుంటే రాదు. విసుగ్గా తలుపును తిట్టబోయి, ఆగిపోయింది.

ఈ తలుపు మూసి ఉందా?

లేదు.

మరి తెరిచి ఉందా?

లిఫ్టు తలుపు సంగతి పెట్టెకు చెప్పే సెన్సరు కన్నుకు తెలిసినవి రెండే మాటలు. పూర్తిగా మూసుకుంటే మూశాను అంటుంది. వెంట్రుకవాసి సందున్నా మూయలేదు అంటుంది. మూయలేదు అంటే తెరిచినట్టే, తెరిస్తే మనిషి నడిచి వెళ్ళినట్టే అని రాసిపారేసింది తను. రెండంతస్తుల మధ్య ఆగి, నాలుగు వేళ్ళంత తెరుచుకుని గోడ చూపించే లిఫ్టులో మనిషి ఎంత నొక్కినా, తన చీటీ ఆ బెల్లును పిల్లల అల్లరి కింద జమకట్టి గుమ్మంలోనే తిప్పి పంపేస్తుంది.

నాలుగు వేళ్ళంత. గోడ. అక్క పొద్దున చెప్పిన మాటలు ఇప్పుడు చెవిలో మోగాయి. కప్పు వదిలేసి, చెయ్యి గీరుకుపోతున్నా లాక్కుని పరుగెత్తింది.

సర్లేగారు సంచి భుజాన వేసుకుంటున్నాడు. పిచ్చుక రొప్పుతూ చెప్పింది. ఆయన విన్నాడు. మొహం కొద్దిగా మారింది గానీ, చెయ్యి సంచి మీద నుంచి తియ్యలేదు. "సర్లే. నువ్వు చెప్పింది నిజమే. కానీ శుక్రవారం సాయంత్రం ఏదీ మార్చకూడదని మనకు మనమే పెట్టుకున్న కట్టుబాటు. పాడైతే శని ఆదివారాలు చూసేవాళ్ళుండరు. సోమవారం పొద్దున్నే మొదటి పని ఇదే."

"సర్లే కాదు సార్!" అంది పిచ్చుక. ఆ ఆఫీసులో ఆ మాట అంతవరకూ ఎవరూ అనలేదు. "ఇప్పుడెవరైనా లోపలుంటే?"

"ఉన్నారని రుజువేమిటి?"

ఆ మాటకు జవాబు ఎక్కడుందో పరుగులోనే తట్టింది ఆమెకు. తలుపు కబుర్లు బెల్లు గదికే కాదు, మరమ్మతుల వాళ్ళకీ పోతాయి. వాళ్ళ హ్యాండ్లరు వేరు, దాని నెత్తినున్న చీటీ వేరు. వాళ్ళకు తలుపు కబుర్లన్నీ కావాలి, బెల్లుతో పనిలేదు. నెలాఖరుకు తప్ప ఎవరూ అటు తొంగిచూడరు. పిచ్చుక నిలబడే కంప్యూటరు మీదకు వంగి, ఆగి ఉండి, తలుపు మూయని లిఫ్టులేవని అడిగింది. అలాంటివి బోలెడు వచ్చి, బోలెడు పోతున్నాయి. మనుషులు ఎక్కుతున్నారు, దిగుతున్నారు. ఒక్కటి మాత్రం కదలడం లేదు. ఆగాను, తలుపు మూయలేదు. ఆగాను, తలుపు మూయలేదు. చాలాసేపటి నుంచి ఒకటే పాట.

పిచ్చుక దాని చిరునామా చదివింది. మళ్ళీ చదివింది. ఫోను తీసి అక్కకు చేసింది. అందుబాటులో లేరు అంది ఫోను. మళ్ళీ చేసింది. అదే మాట.

"సార్" అంది. "అది మా అక్కావాళ్ళ బిల్డింగు."

సర్లేగారు సంచి కింద పెట్టాడు. సర్లే అనలేదు. "తీసెయ్" అన్నాడు. "ఎవరడిగినా నేను చెప్పానని చెప్పు."

ఒక్క వరుస చెరపడానికి ఎంతసేపు? క్షణం. కానీ అలా చెరిపినది పరీక్షలన్నీ దాటుకుని, ఊళ్ళో లిఫ్టులతో మాట్లాడే పెద్ద యంత్రాల మీదికి ఎక్కేదాకా ఆగాల్సిందే. తెర మీద ఆకుపచ్చ గీత నత్తనడక నడుస్తోంది. దాన్ని సర్లేగారికి అప్పజెప్పి పిచ్చుక మెట్లు దిగింది. దిగిందనకూడదు, దొర్లింది.

బెల్లు గదిలో బొంగురమ్మాయి వేడి టీ ఊదుకుంటోంది. విషయం విని కప్పు అక్కడే పడేసి మెకానిక్కుకు ఫోను చేసింది. వాడు ఊరి అవతల ఉన్నాడు, ట్రాఫిక్కులో పడి రావాలి. వాచ్‌మన్ నంబరు పలకలేదు.

"మనమే లిఫ్టుకు ఫోను చెయ్యలేమా?" అంది పిచ్చుక.

"పాత పెట్టె కదండీ. అటునుంచి బెల్లొస్తేనే లైను తెరుచుకుంటుంది. ఇటునుంచి కుదరదు."

అంటే అక్క మళ్ళీ నొక్కాలి. ఎన్నిసార్లు నొక్కిందో. నొక్కీ నొక్కీ విసిగి మానేసి ఉంటే? ఊపిరాడక సోలిపోయి ఉంటే? పిచ్చుక ఒక హెడ్‌ఫోను లాక్కుని తగిలించుకుంది. ఎప్పుడూ తగిలించుకోలేదు. ఈ గది కోసం ఇన్ని వరుసలు రాసింది గానీ, ఒక్క బెల్లుకైనా తను పలకలేదు. అది ఇప్పుడు గుర్తొచ్చి సిగ్గేసింది. సిగ్గుకు టైము లేదు. నిలబడలేకపోతోంది, కూర్చోలేకపోతోంది. హెడ్‌ఫోను తీగ ఎంతవరకు సాగుతుందో అంతవరకు తిరిగి మళ్ళీ వెనక్కి వస్తోంది.

పైనుంచి సర్లేగారు అరిచాడు. "ఎక్కిందీ!"

అరిచాడో లేదో మోగింది. పిచ్చుక మీట నొక్కింది. "అక్కా!"

కిలకిలమని నవ్వు. పిల్లలు. పారిపోయారు.

మళ్ళీ మోగింది. "అక్కా?"

"ఆంటీ, ఇన్ని రోజులూ ఎక్కడికెళ్ళారు? మీరు తిన్నారా?"

"తిన్నాను నాన్నా" అంది పిచ్చుక. ఏడుపొచ్చింది. "పెట్టెయ్, పెట్టెయ్."

గదిలో నాలుగు వైపులా బెల్లులు మొదలయ్యాయి. ఇన్నాళ్ళూ ఊరుకున్న గది ఒక్కసారి గొంతు విప్పింది. అమ్మాయిలంతా పలుకుతున్నారు. నవ్వు, ఇంకో నవ్వు, ఎవరిదో పాట. పిచ్చుక ఒక్కొక్కటే అందుకుంటోంది. ఏ బెల్లును వదిలితే ఏమవుతుందో తెలిసిన మనిషి కదా, ఒక్కటీ వదల్లేదు. అంతలో ఒక బెల్లుకు పలికితే ఏ నవ్వూ రాలేదు. రాయి కోస్తున్న యంత్రం రొద. దాని వెనక మనిషి ఊపిరి.

పిచ్చుక నోటికి అక్క అందరికీ నేర్పే ఆ మాటే వచ్చింది.

"భయపడకండి. నేనిక్కడే ఉన్నాను."

"ఎవరూ?" అంది అక్క. గొంతు బొంగురుపోయి ఉంది. "పిచ్చుకా? నువ్వేమిటే అక్కడ? అమ్మాయిలేరీ? వాళ్ళకేమైంది?"

"అందరూ ఉన్నారక్కా. బాగున్నారు. మెకానిక్ వస్తున్నాడు. నీకెలా ఉంది?"

"నాకేం, గోడ చూస్తూ కూర్చున్నా. పై అంతస్తులో గచ్చు రాళ్ళు కోస్తున్నారు. ఎంత అరిచినా వినపడదు. ఎవరో మెట్లెక్కుతూ, లిఫ్టు మళ్ళీ అలిగిందిరా అనుకుంటూ పోయారు. అది కాదే, ఇంతసేపు నొక్కుతుంటే ఒక్కరూ పలకరేం? మన గది ఎప్పుడైనా పలక్కుండా ఉందా? నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదనుకో."

చెప్పకుండా ఉండొచ్చు. లైను పాడైందనవచ్చు. అక్క నమ్ముతుంది కూడా. పిచ్చుక కళ్ళు మూసుకుంది.

"నీ బెల్లు రాలేదక్కా. నేనే ఆపేశాను. నా చీటీ ఆపేసింది. నాలుగు వేళ్ళు తెరుచుకున్నా తలుపు మూయలేదనే అంటుంది పెట్టె. మూయకపోతే అల్లరని రాశాను. పొద్దున నువ్వు చెప్పావు. నేను విన్లేదు."

అవతల రాయి కోత ఆగింది. మళ్ళీ మొదలైంది. అక్క తిడితే బాగుండుననిపించింది పిచ్చుకకు.

"మూసుకుపోతేనే నిజమని నీకు చెప్పింది నేనే కదే" అంది అక్క. "ఇన్నేళ్ళుగా వింటున్నదాన్ని, నాకైనా తట్టలేదు చూడు." తర్వాత అన్నది మెల్లగా అంది. "సోమవారం నుంచీ నేను వేడి టీ తాగుతున్నానే. హాయిగా తాగాను. నేను తాగుతుంటే ఎవరు నొక్కారో."

"తెలీదక్కా."

"కనుక్కో."

"అలాగే."

"ఇప్పుడు కాదులే. ఇప్పుడు లైను వదలకు." అంది అక్క. "నాకు భయంగా ఉంది పిచ్చుకా. వాళ్ళందరికీ భయపడకండి అని చెప్పేదాన్ని. ఇంత భయమేస్తుందని నాకేం తెలుసు?"

పిచ్చుక లైను వదల్లేదు. చెప్పడానికేమీ తోచక బావ గురించి మాట్లాడింది. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే దుప్పటి కోసం కొట్టుకోవడం గురించి మాట్లాడింది. అక్క మధ్యలో ఏడ్చింది, మధ్యలో నవ్వింది. ఎంతసేపటికో ఇనుము కీచుమంది, మెకానిక్కు గొంతు వినపడింది, "చెయ్యివ్వండమ్మా" అంటున్నాడు. "తెరుచుకుందే, ఇక పెట్టెయ్" అంది అక్క. లైను ఆగిపోయింది.

పిచ్చుక హెడ్‌ఫోను తీస్తుండగా ఆమె ఫోను మోగింది. వెంటనే మళ్ళీ మోగింది. ఆపకుండా మోగుతూనే ఉంది. లిఫ్టులో సిగ్నలు అందక అక్క ఫోనులోనే ఉండిపోయిన మెసేజ్‌లన్నీ ఇప్పుడు బయటికొచ్చి ఒకదాని వెంట ఒకటి చేరుతున్నాయి. ప్రతిదాని మొదట్లో ఆ మాటే ఉంది.

"అర్జంటు. లిఫ్టులో ఉండిపోయా. బెల్లు నొక్కాను."

"అర్జంటు. మనవాళ్ళు పలకడం లేదు."

"అర్జంటు. నాకేం ఫరవాలేదు. గదిలో అమ్మాయిలకు ఏమైనా అయిందేమో, ఒక్కసారి కిందికెళ్ళి చూడవే."

బొంగురమ్మాయి కూడా పక్కనుంచి చదివింది. మొహం తిప్పుకుని తన హెడ్‌ఫోను తగిలించుకుంది. బెల్లు మోగుతోంది మరి. "భయపడకండి" అంటోంది ఏ పిల్లవాడితోనో.

సర్లేగారు మెట్లు దిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పిచ్చుక ఆయన వైపు చూడలేదు. పక్కనున్న కంప్యూటరులో మరమ్మతుల కబుర్లు తెరిచింది. సోమవారం పొద్దుటి నుంచి ఇప్పటిదాకా, ఆగిపోయి, తలుపు మూయకుండా, కదలకుండా చాలాసేపు నిలిచిన లిఫ్టులేవో అడిగింది. ఎవరు నొక్కారో అది చెప్పలేదు. ఏ లిఫ్టులు అలా నిలిచాయో మాత్రం చెబుతుంది. ఒకటీ రెండూ కాదు.

"సోమవారం చెయ్యొచ్చు గదమ్మా" అన్నాడు సర్లేగారు. ఆ మాట ఆయనకే నచ్చినట్టు లేదు. ఇంకో కుర్చీ లాక్కుని కూర్చుని, "సర్లే, సగం నాకివ్వు" అన్నాడు.

జాబితాలో మొదట ఉన్న బిల్డింగుకు ఫోను చేస్తే కాపలామనిషి ఎత్తాడు. ఆ రోజు లిఫ్టు ఆగినప్పుడు లోపలెవరైనా ఉన్నారా అని అడిగింది. ఉన్నారన్నాడు, పై అంతస్తు పెద్దావిడ. లైను ఆవిడకు కలిపాడు.

"లిఫ్టుల ఆఫీసు నుంచండీ" అంది పిచ్చుక. "ఆ రోజు లోపల ఉండిపోయినప్పుడు మీరు బెల్లు నొక్కారాండీ?"

"నొక్కానా అంటావేమిటి? వేలు నొప్పి పుట్టేదాకా నొక్కాను. దాని మీద, ఎవరైనా వెంటనే పలుకుతారు అని రాసుంది కూడాను." ఆవిడ ఊపిరి తీసుకుంటున్న చప్పుడు వినపడింది. "ఇప్పుడా తల్లీ పలికేది?"

పిచ్చుక కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"ఇప్పుడేనండీ. తప్పు మాదే. ఆ రోజు ఏం జరిగిందో చెప్పండి, వింటాను."